వణికే చేతులకు అనుమతి లేదు

కిన్నెర మొబైల్ కంపెనీవాళ్ళ దృష్టిలో నేను బూతులు చెప్పే మనిషిని. ఆ మాట నా ముఖం మీద ఎవడూ అనలేదు. అని ఉంటే ఆ పూటే తేల్చుకునేదాన్ని. వాళ్ళు అనరు, మూసేస్తారు. ఎందుకు మూశారయ్యా అని అడగబోతే మూయలేదంటారు. నా మంటంతా అక్కడే.

నా పేరు హైమావతి. గుంటూరు జిల్లాలో ఒక ఏరియా ఆసుపత్రిలో హెడ్ నర్సుని. నోరు కాస్త పెద్దది. ఆడవాళ్ళ వార్డులో నోరు పెద్దది కాకపోతే పని నడవదు. రొమ్ములో గడ్డ, ఆగిపోయిన నెలసరి మళ్ళీ కనబడటం, గర్భసంచి జారడం, ఇలాంటివి ఎవరికీ చెప్పుకోలేక లోపల్లోపలే దాచుకుని, బాగా ముదిరాక మా దగ్గరికి వచ్చేవాళ్ళని చూసీ చూసీ నాకు ప్రాణం విసిగింది. మా సర్జన్ డాక్టర్ నసీమాకీ అంతే. ఇద్దరం కలిసి ఒక వెబ్‌సైటు పెట్టాం. దాని పేరు ‘అక్కనడుగు’. అందులో చదవక్కర్లేదు, రాయక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు. మైకు బొమ్మ మీద వేలు పెట్టి అడగడమే. నేను డాక్టరమ్మని కనుక్కుని, దూదికట్టలు దాచే స్టోరు గదిలో కూర్చుని, నా గొంతుతో జవాబు చెప్పి పెట్టేదాన్ని. అడిగినావిడ మళ్ళీ వచ్చి తన ప్రశ్న పక్కనున్న జవాబు నొక్కి వింటుంది. విననంతసేపూ మాకు దాని పక్కన ఎర్ర చుక్క కనబడుతుంది. విన్నాక అది పచ్చగా మారుతుంది.

నేను చెప్పేది అచ్చంగా మా వైపు ఆడవాళ్ళు మాట్లాడుకునే భాష. సంక్రాంతి ముగ్గుల దగ్గరా బావి గట్టు మీదా కూర్చుని చెప్పుకునే మాటలు కావివి. గది తలుపు దగ్గరగా వేసి, మొగుడి ఫోను మొగుడు స్నానానికి వెళ్ళినప్పుడు తీసుకుని, చెవికి ఆనించి వినే మాటలు. విన్నాక ఫోనులో ఆ జాడ చెరిపేసి ఎప్పట్లా టీవీ పక్కన పెట్టేస్తారు. అలాగే వింటారని మాకు తెలుసు. ఎలా విన్నా వింటే చాలనుకున్నాం.

మిరపకాయలు కోతకొచ్చిన రోజుల్లో ఒక ప్రశ్న వచ్చింది. గొంతు బాగా తగ్గించి అడిగింది.

“అక్కా, ఎడంపక్క గడ్డలాగా తగుల్తంది. శనగ్గింజంత ఉండేది, ఇప్పుడు రేగ్గాయంత అయింది. నొప్పేం లేదక్కా. నొప్పి లేకపోతే ఏం కాదంట గదా? ఎవురికీ చెప్పలా. నువ్వు చెప్తే...” ఆ తర్వాత ఎవరో పిలిచినట్టున్నారు, “ఆఁ, వొస్తన్నా” అంది. అక్కడికి ఆగిపోయింది.

నొప్పి లేని గడ్డంటేనే మాకు భయం. పెరుగుతోందని ఆమే చెబుతోంది. డాక్టర్ నసీమా ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికి రాగానే వినిపించాను. ఆవిడ చేతి గ్లవ్స్ కూడా తీయకుండా రెండుసార్లు వింది. “వెంటనే రమ్మనండి సిస్టర్. ఇప్పుడైతే బతికించుకోవచ్చు,” అంది. ఆ రోజే జవాబు చెప్పి పెట్టాను. దాని పక్కన ఎర్ర చుక్క వచ్చింది.

ఆ చుక్క పచ్చగా మారితే చాలు. ఆ మనిషి ఎవరో, ఏ ఊరో నాకు తెలియదు. ఆమె నా జవాబు వినడం ఒక్కటే కావాలి నాకు. డ్యూటీ ఎక్కగానే చూసేదాన్ని, దిగేముందు చూసేదాన్ని. ఎర్రగానే ఉంది. తర్వాత గమనిస్తే మిగతా జవాబుల పక్కన కూడా ఎర్ర చుక్కలే. అప్పటిదాకా రోజూ కుప్పలుగా వచ్చే ప్రశ్నలు కూడా దాదాపు ఆగిపోయాయి. మొదట కోత పనుల్లో పడి తీరిక లేదేమో అనుకున్నాను. కోతల్లో ఉంటే రోగాలు కూడా కోతకి పోతాయా అని నా మీద నాకే కోపం వచ్చింది.

సైటు పాడైందేమోనని నా ఫోనులో తెరిచి చూశాను. చక్కగా తెరుచుకుంది. డాక్టరమ్మ ఫోనులోనూ తెరుచుకుంది. మా ఆఫీసు గుమాస్తా ఫోనులో కూడా. ఎందుకైనా మంచిదని కిన్నెర మొబైల్ వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలేసుకుని, నా ముందే తన ఫోనులో తెరిచాడు.

“ఓపెన్ అవుతోంది కదండీ మేడమ్. మీ సైటులో విషయం లేక జనం రావట్లేదేమో చూసుకోండి,” అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ అతని చేతిలో పేజీ తెరుచుకుని ఉంది. దాన్ని చూస్తూ ఏమని పోట్లాడను? నోరు మూసుకుని వచ్చేశాను. నా జన్మలో నోరు మూసుకుని వచ్చిన చోట్లు తక్కువ.

సంగతి బయటపెట్టింది మా వార్డు ఆయా సామ్రాజ్యం. ఆమెకి నెలసరి ఆగిపోయి ఏళ్ళయింది, ఈ మధ్య మళ్ళీ కనబడుతోంది. రోజూ నా పక్కనే తిరుగుతూ కూడా నన్నడగడానికి మొహమాటపడి, నా సైటులో నన్నే అడిగింది. జవాబు మాత్రం వినలేకపోయింది.

“అదేందోనమ్మా, తప్పు పేజీ అనొస్తంది. ఇంగ చూళ్ళా. నా వయసుకి ఇదేం పాడు అని భయమేసింది,” అంది డ్యూటీ రూములో.

ఆమె ఫోను లాక్కుని నొక్కాను. తెరుచుకుంది. ఆమె చేతికిచ్చాను. నేను పక్కనే ఉండగా ఆమె నొక్కినా తెరుచుకుంది. “నీ కళ్ళకేమైందే?” అంటూ ఉండగానే ఆమె కొడుకు ఆమెని తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సామ్రాజ్యం చటుక్కున ఫోనుని గుండెకి ఆనించుకుని పైట లాక్కుంది. కాసేపాగి మెల్లగా తిప్పి చూస్తే పేజీ లేదు. తెల్లటి తెర మీద అక్షరాలు కనబడ్డాయి.

‘ఈ పేజీ మీకు తగినది కాదు. మీ క్షేమం కోసం మూసివేయబడింది. రక్షరేకు.’

ఫోను నా చేతిలోకి తీసుకుని మళ్ళీ నొక్కాను. తెరుచుకుంది. ఆమెకిచ్చి, “కొడుకు చూస్తున్నాడు, నొక్కు,” అన్నాను. ఆమె వేలు తడబడింది. మూసుకుపోయింది. ఫోను అదే, పేజీ అదే. చేయి మారితే తెరుచుకుంటోంది, భయపడితే మూసుకుపోతోంది. కొడుకుని బయటికి పంపి, ఆమెని కూర్చోబెట్టి నోటితోనే అన్నీ చెప్పాను. ఆమెకి చెప్పడం అయింది. మరి రేగ్గాయంత గడ్డ ఉన్న ఆ మనిషికి ఎవరు చెబుతారు?

రక్షరేకు అన్న పేరు నేను అంతకుముందే విన్నాను. నా తమ్ముడు కిరీటి హైదరాబాదులో కిన్నెర వాళ్ళ ప్రయోగశాలలో పనిచేస్తాడు. పిల్లలు చెడ్డవి చూడకుండా కాపాడే యంత్రం కనిపెట్టామని, కేంద్రంలో మంత్రి చేతుల మీదుగా మొదలుపెట్టారని ఫోటో పంపాడు. అందులో వాడి మెడలో దండ ఉంది. నేను ఆ ఫోటో వార్డంతా తిప్పి చూపించాను. మర్నాడు సెలవు పెట్టి హైదరాబాదు బస్సెక్కాను.

కిరీటి నన్ను చూసి మురిసిపోయాడు. అక్క తన ఆఫీసు చూడ్డానికి వచ్చిందనుకున్నాడు. నన్ను గాజు గోడల గదిలోకి తీసుకెళ్ళాడు. మధ్యలో ఒక కుర్చీ, అందులో ఒక కాలేజీ కుర్రాడు. వాడి చేతిలో ఫోను. గోడ మీద పెద్ద తెర, దాని మీద ఆ కుర్రాడి చేయి రంగుల్లో కనబడుతోంది. కుర్రాడు మామూలుగా క్రికెట్ చూస్తుంటే చేయి నీలంగా ఉంది. కిరీటి సైగ చేశాడు. ఖాకీ చొక్కా వేసుకున్న ఒకతను హాస్టలు వార్డెన్ లాగా కుర్రాడి వెనక పచార్లు చేయడం మొదలుపెట్టాడు. కుర్రాడు చూడకూడని పేజీ ఏదో తెరిచాడు. ఫోను ఒంటికి దగ్గరగా వచ్చింది, కళ్ళు పక్కకి పోయాయి, వేలు సగంలో ఆగి ఆగి కదిలింది. తెర మీద చేయి ఎర్రబడింది. పేజీ మూసుకుపోయింది.

“చూశావా అక్కా,” అన్నాడు కిరీటి. “లోకంలో ఎన్ని కోట్ల పేజీలున్నాయో. ఒక్కొక్కటీ మంచిదో చెడ్డదో ఎవరు చూస్తారు? చూడక్కర్లేదు. మేం పేజీ చూడం, చూసే చేతిని చూస్తాం. దొంగతనంగా చూస్తున్నారంటే అది చూడకూడనిదే కదా. ఎక్కువమంది అలా చూసే పేజీలన్నిటికీ రక్షరేకు కాపలా పెడుతుంది. ఆ తర్వాత వణికే చేతికి తెరవదు. మామూలు చేతికి తెరుస్తుంది. ఎవరి స్వేచ్ఛకీ అడ్డం రాం.”

“ఈ కుర్చీలో ఎంతమంది ఆడవాళ్ళని కూర్చోబెట్టావురా?” అని అడిగాను.

“ఆడవాళ్ళా? ఇంజనీరింగ్ కాలేజీ హాస్టలు వాళ్ళని పిలిపించాం. అబ్బాయిలే వచ్చారు. ఎందుకు?”

నేను నా ఫోను తీసి ‘అక్కనడుగు’ తెరిచి వాడి ముఖం ముందు పెట్టాను. సామ్రాజ్యం సంగతి చెప్పాను. గడ్డ ఉన్న మనిషి ప్రశ్న వినిపించాను. వాడు వింటున్నంతసేపూ ముఖంలో నవ్వు ఒక్కొక్క పిసరే తగ్గింది. ఏమీ తెలియనివాడిలా అయితే కనబడలేదు.

“మన వైపు ఆడది దొంగతనంగా చూడకుండా ఏం చూస్తుందిరా? తన ఒంటికి తన చేయి తగిలినా తప్పేమో అనుకునే మనుషులు. అత్త వస్తుందేమో, మొగుడు వస్తాడేమో అని గుమ్మం వంక చూస్తూ వింటారు. నీ యంత్రానికి అది బూతు చూడటంలా కనబడిందా?”

“అది సగటు లెక్క అక్కా. కొన్ని మంచి పేజీలు కూడా పొరపాటున...”

“సరే, ఇది చెప్పు. కాలు మీద కాలేసుకుని, ఫోను నిలబెట్టుకుని, బూతు సినిమాలు దర్జాగా చూసేవాడి సంగతేంటి?”

“అలాంటివాళ్ళ చేతులు ప్రశాంతంగా ఉంటాయి,” అన్నాడు.

“అంటే తెరుచుకుంటుంది.”

“తెరుచుకుంటుంది.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సిగ్గులేనివాడికి అన్ని తలుపులూ తెరిచి, సిగ్గుపడే మనిషి ముఖాన తలుపు వేసే యంత్రం కనిపెట్టి మెడలో దండ వేయించుకున్నాడు నా తమ్ముడు. నేనూ దాన్ని వార్డంతా చూపించుకున్నాను. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన చేతులతోనే వాణ్ణి కొట్టాలనిపించింది. ఆ కాలేజీ కుర్రాడు బిక్కముఖం వేసుకుని మా ఇద్దర్నీ చూస్తున్నాడని ఆగాను.

“ఇప్పటికిప్పుడు నా పేజీ మీద కాపలా తీసెయ్,” అన్నాను.

“నా చేతుల్లో లేదక్కా. ఫిర్యాదు రావాలి. అది కూడా ఎవరికి మూసుకుపోయిందో వాళ్ళే, వాళ్ళ నంబరు నుంచి, వాళ్ళ పేరుతో పెట్టాలి. నువ్వు పెడితే నీకు తెరుచుకుంటోంది కాబట్టి కొట్టేస్తారు.”

“ఎవరికీ తెలియకుండా విందామని వచ్చిన మనిషి, నేను ఫలానా అని పేరు పెట్టి మీకు ఫిర్యాదు రాయాలా?”

వాడు తర్వాత చెప్పిన మాట ఇంకా ఘోరం. పేజీ మూసుకున్న ప్రతిసారీ ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకి సందేశం వెళుతుందట. పిల్లల ఫోన్లు తల్లిదండ్రుల పేరు మీద ఉంటాయి కాబట్టి వాళ్ళకి తెలియాలని పెట్టారట. ‘మీ నంబరు నుంచి అనుచితమైన పేజీ చూసే ప్రయత్నం జరిగింది’ అని పంపిస్తారు. మా వైపు ఇళ్ళలో సిములన్నీ ఎవరి పేరు మీద ఉంటాయో నాకు తెలుసు. ఆమెకి జవాబు అందకపోవడమే కాదు, ఆమె మొగుడికి ఈపాటికి చాడీ కూడా అంది ఉంటుంది.

“రేపు మీటింగులో మాట్లాడతాను. ఇంటికి రా అక్కా, అన్నం తిని వెళుదువు గాని,” అన్నాడు కిరీటి.

“నీ ఇంట్లో మెతుకు ముట్టను,” అని వచ్చేశాను. బస్టాండులో అరటిపళ్ళు తిని బస్సెక్కాను.

ఊరికి వచ్చాక గొంతు పట్టుకుని మనిషిని వెతకడం మొదలుపెట్టాను. ఆ రికార్డింగు వెనకాల ఏమైనా తెలుస్తుందేమోనని చెవులు రిక్కించి విన్నాను. ఆమె ఒకసారి ఘాటుకి దగ్గినట్టు దగ్గింది. మిర్చి దగ్గర పనిచేసే మనిషి అయి ఉంటుందనుకున్నాను. మా చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల దగ్గర కాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు వందల్లో ఉంటారు. సామ్రాజ్యాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గర మేస్త్రీ ఆపాడు.

“పనేళ ఆడోళ్ళతో మాటలేందమ్మా? ఏం చెప్పాలో నాకు చెప్పు, నే చెప్తా,” అన్నాడు.

వాడికి ఏం చెప్పమంటారు? చెప్పాను కూడా. గడ్డ అనగానే ముఖం పక్కకి తిప్పుకుని గేటు వేసేశాడు. ఆశా కార్యకర్తలకి చెప్పి ఇళ్ళకి పంపాను. గడ్డలున్న వాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఎవరిదీ ఆ గొంతు కాదు. సామ్రాజ్యాన్ని ఫిర్యాదు పెట్టమంటే, పేరు రాయాలనేసరికి దణ్ణం పెట్టి తప్పుకుంది. మొబైల్ కంపెనీకి నేను పెట్టిన ఫిర్యాదుకి మర్యాదగా సమాధానం వచ్చింది. ‘మీ నంబరులో పేజీ సక్రమంగా తెరుచుకుంటున్నది. మీ సహకారానికి ధన్యవాదాలు.’ డాక్టర్ నసీమా జిల్లా అధికారులకి చెప్పింది. వాళ్ళ ఫోన్లలో కూడా తెరుచుకుంది. పెద్ద పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ చేతులు ఎందుకు వణుకుతాయి? ఎవరిని అడిగినా తెరిచి చూపించడమే. తెరుచుకున్న పేజీలు చూసీ చూసీ నాకు ఫోనంటేనే అసహ్యం పుట్టింది.

కిరీటి అప్పుడప్పుడూ ఫోను చేసేవాడు. మీటింగు వాయిదా పడిందనేవాడు. పై వాళ్ళకి అర్థం కావట్లేదనేవాడు. ఒకసారి, “రక్షరేకు వచ్చాక తల్లిదండ్రులు ఎంత సంతోషంగా ఉన్నారో చూడక్కా,” అని ఏదో పంపించబోయాడు. ఫోను పెట్టేశాను.

ఎండలు ముదిరాయి. మిర్చి పని అయిపోయింది. ఒకరోజు ఓపీలో చీటీలు సర్దుతున్నాను. బల్లకి అవతల నిలబడి ఎవరో డాక్టరమ్మతో అంటున్నారు.

“ముందు నొప్పి లేదండీ. ఇప్పుడు నడుంలో పోట్లు. రేయింబగలు పడుకోనియ్యట్లా.”

ఆ గొంతు వినగానే నా చేతిలో చీటీలు కింద పడ్డాయి. ఎన్నిసార్లు విన్నానో ఆ గొంతు. తల ఎత్తి చూస్తే ముప్పై అయిదు దాటని మనిషి, బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. పేరు కోటేశ్వరి. పక్కన ఆమె మొగుడు అంకారావు. మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠా పని, మనిషి బలంగా ఉన్నాడు. డాక్టర్ నసీమా పరదా వెనక్కి తీసుకెళ్ళి పరీక్ష చేసి వచ్చి నా వంక చూసింది. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. స్కానింగులు అవీ తర్వాత తీశారు. రొమ్ము దాటి ఎముకల్లోకి, కాలేయంలోకి పాకింది. నొప్పి తగ్గించడం తప్ప మేం చేయగలిగింది లేదు.

వార్డులో మంచం ఇచ్చాక పక్కన కూర్చుని నేను మాట్లాడుతుంటే, ఆమె నా ముఖంలోకి తేరిపార చూసింది.

“నువ్వు ఫోన్లో అక్కవి కదూ? నీ గొంతే. నేనడిగా నిన్ను. నువ్వు చెప్పలా,” అంది.

“చెప్పానమ్మా,” అన్నాను.

“నాకు రాలా. రెండోనాడు చూస్తే, ఇది నీకు తగంది అనొచ్చింది. నేనేం తప్పు అడిగానో తెలవలా. అడక్కూడంది అడిగానేమో, అక్కకి కోపమొచ్చి తలుపేసిందేమో అనుకున్నా. ఆ తర్వాత ఇంట్లో పెద్ద గొడవ. ఇంగ ఫోన్ ముట్టలేదు, ఎవురికీ చెప్పలేదు.”

అక్కకి కోపమొచ్చి తలుపేసిందట. వరండాలోకి వెళ్ళి అంకారావుని పట్టుకున్నాను.

“ఏమయ్యా, ఏం గొడవ చేశావు దాని మీద?”

“కంపెనీవోళ్ళే మెసేజ్ పెట్టారండీ. నీ నంబర్లోంచి చూడకూడనియ్యి చూస్తన్నారని. ఇంట్లో నేనూ అదే గదా. ఏం చూశావే అంటే చెప్పదు. ఏమీ చూళ్ళేదని ఏడుస్తది. ఎవుడితోనన్నా... అట్టా అనుకున్నానండీ. ఫోన్ లాక్కున్నా. రెండు తగిలించా గూడా. అంత పెద్ద కంపెనీవోళ్ళు అబద్ధం చెప్తారాండీ?”

అతని మీద కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. కానీ అది అతని దగ్గర ఆగలేదు.

కిరీటికి ఫోను చేసి ఒక్క మాటే చెప్పాను. “నీకు కావలసిన ఫిర్యాదు దొరికింది. ఆమె పేరుతో, మూసుకుపోయిన ఆ నంబరు నుంచే పెడుతుంది. వచ్చి తీసుకో.” కోటేశ్వరి సరేనంది. ఇప్పుడు ఆమెకి పేరు చెప్పడానికి భయం లేదు. కంపెనీ పద్ధతి ప్రకారం ఎవరైనా వచ్చి, కంపెనీ ఫోనుతో, ఫిర్యాదుదారు దగ్గరే పేజీ తెరిచి చూడాలట. ఆ పనికి కిరీటి తనే వచ్చాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ. వార్డంతా పప్పుచారు వాసన. ఆడవాళ్ళు మంచాల మీద, వాళ్ళ మనుషులు కింద చాపల మీద. కిరీటి మెడలో కంపెనీ కార్డుతో కోటేశ్వరి మంచం దగ్గరికి వచ్చాడు. నేను అటు పక్క నిలబడ్డాను. మంచం కాళ్ళ దగ్గర అంకారావు ఉన్నాడు. కిరీటి ఆమెని చూశాడు. గాజు గదిలో వాడికి చేతులే తప్ప ముఖాలు కనబడలేదు. ఇక్కడ ముఖం కనబడింది. ఎముకల మీద చర్మం, చేతికి సూది, అయినా మర్యాదకి లేచి కూర్చోబోతున్న మనిషి.

“పడుకోండమ్మా,” అన్నాడు.

“వచ్చిన పని చూడు,” అన్నాను.

వాడు కంపెనీ ఫోను తీసి ‘అక్కనడుగు’ నొక్కాడు. ఫోను కాస్త ఒంటికి దగ్గరగా పట్టుకున్నాడు. కళ్ళు ఒకసారి నా వంక తిరిగాయి, ఒకసారి ఆమె వంక. వేలు తడబడింది. తెర తెల్లబడింది. ఈ పేజీ మీకు తగినది కాదు.

వాడు బిత్తరపోయాడు. చొక్కాకి చేయి తుడుచుకుని మళ్ళీ నొక్కాడు. మూసుకుపోయింది. గట్టిగా ఊపిరి పీల్చుకుని మూడోసారి నొక్కాడు. తను కనిపెట్టిన యంత్రం తననే లోపలికి రానివ్వలేదు. పక్క మంచాలవాళ్ళు అన్నం తినడం ఆపి చూస్తున్నారు. నాకు జాలి కలగలేదు. తమ్ముడే, అయినా కలగలేదు.

“నా వల్ల కావట్లేదక్కా,” అన్నాడు.

“ఏందబ్బాయ్, ఇటియ్యి,” అంది కోటేశ్వరి.

సూది ఉన్న చేయి పక్కన పెట్టుకుని, ఇంకో చేత్తో ఫోను అందుకుంది. మొగుడు ఎదురుగా ఉన్నాడు. వార్డంతా చూస్తోంది. ఆమె ఎవరి వంకా చూడలేదు. దాచుకోలేదు. ఫోను ముఖానికి ఎదురుగా నిలబెట్టుకుని నింపాదిగా నొక్కింది.

పేజీ తెరుచుకుంది.

పైన పచ్చటి పట్టీ వచ్చింది. ‘పేజీ సక్రమంగా పనిచేస్తున్నది. ఫిర్యాదు ముగిసినది.’ కిరీటి దాన్ని చదివి ముఖం తిప్పుకున్నాడు. కోటేశ్వరి దాన్ని పట్టించుకోలేదు. కిందికి జరుపుకుంటూ పోయి తన ప్రశ్న వెతుక్కుంది. దాని పక్కన జవాబు ఉంది. గొంతు పెంచే మీట చివరిదాకా నొక్కి, దాన్ని తాకింది.

వార్డులో నా గొంతు వినబడింది.

“నొప్పి లేదని ఊరుకోమాకమ్మా. నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవాల. నువ్వేం తప్పు చేయలా, తప్పేం అడగలా. ఇప్పుడొస్తే బాగయ్యిద్ది, నాదీ పూచీ. ఇంట్లో చెప్పుకోలేకపోతే చెప్పమాక, ఒక్కదానివే రా. ఆసుపత్రికొచ్చి హైమక్క ఎక్కడుందని అడుగు, నేనుంటా. ఈ వారమే రా. మర్చిపోమాక, ఈ వారమే.”

అయిపోయింది. కోటేశ్వరి ఇంకోసారి పెట్టుకుని వింది. రెండోసారి వింటూ, “చెప్పావన్నమాట,” అంది నా వంక చూసి.

మంచం కాళ్ళ దగ్గర ఇనప కమ్మీ పట్టుకుని నిలబడ్డ అంకారావు అడిగాడు.

“ఇది ఎప్పుడు చెప్పారండీ?”

“అది అడిగిన రోజే,” అన్నాను.